తాటితోపు నుండి బంటుపల్లి వఱకు

శ్రీకాకుళము నుండి విశాఖపట్టణమునకు పోవు రాజమార్గమున, రణస్థలము చెంత బంటుపల్లి కడ నున్న యునైటెడ్ బ్రూవరీస్ వారి బీరు కర్మాగారమును చూచి, ఈ సీమలో పానీయముల పరిశ్రమ దానితోడనే పుట్టినదని యెవరైన తలచినచో, వారు చేలగట్లపై వరుసగా నిలిచిన తాళవృక్షములను కన్నెత్తి చూడనివారే యగుదురు. ఆ వృక్షములే యిచటి తొలి కర్మాగారములు. కల్లుగీత వృత్తిగాగల యాతలును సెగిడీలును వాని నిపుణులు.

వేకువజామున మోకు బిగించి చెట్టెక్కి, పూగెల కొనను కత్తితో పలుచగా గీసి, కుండ కట్టి దిగి, మఱల సాయంకాలమున నదే పని చేయు గీతకానికి తెలిసిన మర్మము సామాన్యమైనది కాదు: గీత దళసరియైనచో గెల వ్యర్థమగును, చాలనిచో రసము స్రవింపదు. కుండలోపల సున్నము పూసినచో తియ్యని నీరా దక్కును. పూయనిచో, గాలియందును కుండయందును నుండు ఈస్టుచేత కొలది గంటలలోనే యది పులిసి కల్లగును. బీరునకైతే యవలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, ఉడికించి, హాప్సు పూలు చేర్చి, ఈస్టు వేయవలయును. తాటిచెట్టు మాత్రము చక్కెరను తానే సిద్ధపఱచి యిచ్చును. పడమటి కొండలయందలి సవర గిరిజనులకు జీలుగుచెట్టు నుండి దింపు కల్లు వట్టి పానీయము గాదు, పితృదేవతలకు నివేదనము; వారి మతాచారములను గూర్చి వెరియర్ ఎల్విన్ 1955లో వెలువరించిన గ్రంథమే యిందులకు సాక్ష్యము.

ఇంతటి విద్యను దొరతనమువారు పన్నుగా మాత్రమే చూచిరి. 1886నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము వచ్చిన పిదప, తాను గీయు చెట్టునకు పన్ను చెల్లించి యనుమతి పొందనిదే గీతకాడు కత్తి పట్టరాదాయెను. 1915లో దక్షిణదేశమునందలి అయిదు బీరు కర్మాగారములను కలిపి థామస్ లీష్మన్ యునైటెడ్ బ్రూవరీస్‌ను స్థాపించునాటికి, బీరు దొరల దండుల పానీయము. మన పల్లెలు దాని పేరైన నెఱుగవు.

అటుపై మద్యనిషేధము వచ్చెను. 1937లో రాజాజీ సేలము జిల్లాలో నారంభించిన యా వ్రతము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను వ్యాపించినది. తాగుడుచే గుల్లయైన కుటుంబములను తలచినచో దాని సదుద్దేశమును శంకింపరాదు. కాని తరతరముల వృత్తి ఒక్క చట్టముతో నేరమైపోయిన కుటుంబములకు కలిగిన ప్రత్యామ్నాయము, నీరాతో తాటిబెల్లము వండు సహకార సంఘములు, వారి కడుపులు నింపజాలకపోయెను. ఈ వేదనకు గొంతైనవాడు మన సోంపేట చెంతనున్న బరువ గ్రామమున 1909లో జన్మించిన సర్దార్ గౌతు లచ్చన్న. నిషేధమును పరిశీలించిన రామమూర్తి సంఘము దానిని తొలగింపవలెనని చేసిన సిఫార్సును ప్రకాశం ప్రభుత్వ మంగీకరింపకపోగా, 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానము నెగ్గి, ఆంధ్రరాష్ట్రపు తొలి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో కూలిపోయెను. తాటిచెట్టెక్కువాని కష్టము ఒక ప్రభుత్వమును దింపుట మన రాజకీయ చరిత్రలో చిన్న విషయము కాదు.

ఆ పిమ్మట నిషేధము సడలెను. 1995లో మఱల సంపూర్ణముగా వచ్చి, రెండేండ్లకే మఱల సడలెను. ప్రతి మార్పునందును నిలువగలిగినవి యంత్రములును పెట్టుబడియు గల కర్మాగారములే. బీరునకు వలయు యవలు మన నేలలో పండవు, రాజస్థానము మొదలగు ఉత్తరదేశములనుండి వచ్చును. మన గట్టుమీది చెట్టు మాత్రము ఎక్కువారు లేక యెండుచున్నది. కల్లు ఒక్క దినమైన నిలువదు, శీసా నెలలకొలది నిలుచును. ఓటమికి ముఖ్యకారణ మిదియే యని నా అభిప్రాయము. రుచి కారణము కాదు.

జిల్లా చరిత్రను వ్రాయబూనినవారు రాజుల శాసనములతో తృప్తిపడక, బరువ, సోంపేట, కవిటి ప్రాంతములలో నింకను మిగిలియున్న వృద్ధ గీతకార్మికుల కడకు పోయి, వారు జీవించియుండగనే వారి పనివిధమును, మాటలను వ్రాసికొనవలెనని ప్రార్థించుచున్నాను.