వెర్సాయ్ గోడ మీద సింహహృదయుడు

ఇంగ్లండ్‌ను ఏలిన సింహహృదయుడు రిచర్డ్‌కి ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజప్రాసాదంలో ఒక తైలవర్ణ చిత్తరువు ఉంది. గీసినవాడు మెరీ జోసెఫ్ బ్లాండెల్, 1841లో. రిచర్డ్ చనిపోయింది 1199లో, షాలూ కోట ముట్టడిలో తగిలిన బాణపు గాయం కుళ్లి. ఎదుట కూర్చుని బొమ్మ గీయించుకునే అలవాటు ఆ కాలపు రాజులకు లేదు. కాబట్టి ఆ ముఖం రొమాంటిక్ యుగం ఊహించుకున్న ముఖమే.

ఊహకు దినుసులు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. చెరలో ఉన్న రిచర్డ్‌ని పాట పాడి కనిపెట్టిన గాయకుడి కథను సంగీతకర్త గ్రెత్రి 1784లోనే పారిస్‌లో ఒపెరాగా ఆడించాడు. చిత్రమేమిటంటే ఆ గాయకుడి పేరూ బ్లాండెలే! 1819 చివర్లో వచ్చిన వాల్టర్ స్కాట్ 'ఐవాన్‌హో' రిచర్డ్‌ని యూరప్ అంతటికీ అభిమాన వీరుణ్ణి చేసింది.

ఈ పరాయి రాజుకు వెర్సాయ్‌లో చోటిచ్చింది ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్. 1830 విప్లవం తర్వాత గద్దెనెక్కిన ఆయన, తగవులాడుకునే పక్షాలన్నిటినీ ఒకే గతం కిందికి తేవాలనుకుని 1837లో వెర్సాయ్‌ని చరిత్ర మ్యూజియంగా తెరిచాడు. అందులో, రిచర్డ్ కూడా పాల్గొన్న క్రూసేడ్‌లకు, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధాలకు, ప్రత్యేకంగా గదులు కట్టించాడు. రోడ్స్ దీవిలోని క్రూసేడ్ నైట్‌ల ఆసుపత్రి నుంచి పాత దేవదారు తలుపులను ఆటోమన్ సుల్తాన్ రెండో మహమూద్ వాటికి కానుకగా పంపాడు.

ఆ గదుల్లో క్రూసేడ్ వీరుల వంశచిహ్నాలు కూడా పెడతారనగానే ప్రభువంశాలు ఎగబడ్డాయి. మా పూర్వీకుడూ వెళ్లాడంటే సరిపోదు, కాగితం చూపాలి. కూర్త్వా అనే ఆసామి ఆ కాగితాలు సరఫరా చేశాడు. అవన్నీ క్రూసేడర్లు ఇటలీ వర్తకుల దగ్గర అప్పు తీసుకున్నట్టు రాసిన పత్రాలు. అవి దొంగ పత్రాలని 20వ శతాబ్దంలో గానీ తేలలేదు. చరిత్ర మీద ప్రేమ ఎంత నిజమో, దానితో జరిగిన బేరమూ అంతే నిజం.

అసలు రిచర్డ్ ఆనవాళ్లు మాత్రం వేరేచోట ఉన్నాయి. 1838లో రూఆన్ కెథడ్రల్‌లో ఆయన గుండె దాచిన సీసపు పెట్టె బయటపడింది. లోపల మిగిలింది గోధుమరంగు పొడి. 2013లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే అందులో పుదీనా, సాంబ్రాణి, పాదరసం ఆనవాళ్లు దొరికాయి.

దేహాన్ని పూడ్చింది ఫోంత్‌వ్రో మఠంలో. ఆయన పోయిన కొన్నేళ్లకే చెక్కిన రాతిబొమ్మ అక్కడ కళ్లు మూసుకుని, కిరీటంతో, తల్లిదండ్రుల బొమ్మల పక్కన పడుకుని ఉంటుంది. 1846లో లూయీ ఫిలిప్ ప్రభుత్వం ఆ రాతిబొమ్మలను పారిస్‌కి తరలించింది. రెండేళ్లకు మరో విప్లవం వచ్చి ఆయన సింహాసనం పోయింది. 1849లో బొమ్మలు తిరిగి మఠానికి చేరాయి.