ఒకే ఇల్లు, నాలుగు చిరునామాలు

మా అమ్మమ్మ ఇల్లు కూనవరంలో. శబరి గోదావరిలో కలిసేది అక్కడే. పోయినసారి వెళ్ళినప్పుడు ఆవిడ ట్రంకుపెట్టెలో కాగితాలు సర్దుతూ కూర్చున్నాను. తాతయ్య పేరున్న పాత శిస్తు రసీదు మీద తూర్పు గోదావరి జిల్లా. అమ్మ స్కూలు సర్టిఫికెట్ మీద ఖమ్మం. 2014 తర్వాతి రేషన్ కార్డు మీద మళ్ళీ తూర్పు గోదావరి. 2022 తర్వాత వచ్చిన కాగితం మీద అల్లూరి సీతారామరాజు జిల్లా, దాని కేంద్రం ఎక్కడో పాడేరులో.

"నేనెక్కడికీ పోలేదురా, జిల్లాలే వచ్చి పోయినయి" అంది అమ్మమ్మ.

నవ్వేశాను గానీ, ఆ మాట వెంటపడింది. చదువుతూ పోతే 1860 దాకా వెళ్ళాల్సొచ్చింది.

అంతకుముందు ఇక్కడ గోదావరి రెండు గట్లూ నిజాంవి. 1860 ఒప్పందంలో ఎడమ గట్టు తాలూకాలు బ్రిటిష్ వాళ్ళకి వెళ్ళాయి. గోదావరిలో తిరిగే సరుకుకి సుంకం ఉండకూడదన్న షరతు కూడా అందులోనే ఉంది. నాగపూర్ వైపు పత్తిని పడవల మీద సముద్రానికి దించాలన్నది ఆర్థర్ కాటన్ ఆలోచన. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ పడవదారి కోసం కట్టిందే. అలా నది రెండు రాజ్యాల మధ్య సరిహద్దయింది. భద్రాచలం, సిరోంచ కేంద్రంగా ఉన్న అప్పర్ గోదావరి జిల్లాలో చేరింది. పడవదారి పూర్తికాకుండానే ఆగిపోయింది. 1874లో భద్రాచలం మద్రాసు వైపు గోదావరి జిల్లాకి మారింది.

సరిగ్గా ఆ కాలంలోనే యూరప్‌లో ఇదే సమస్యకి ఇంకో జవాబు దొరికింది. 1815లో రైన్ నదికి, 1856లో డాన్యూబ్‌కి రాజ్యాలు ఉమ్మడి కమిషన్లు పెట్టుకున్నాయి. ఎవరి హద్దు వాళ్ళది, పడవల రాకపోకలు చూసేందుకు మాత్రం అందరికీ కలిపి ఒక సంస్థ. మన దగ్గర నది పని కోసం హద్దునే జరిపారు. ఆ అలవాటు పోలేదని నా అనుమానం.

మధ్యలో ఒకసారి మనమూ ఆ దారి పట్టాం. 1969లో వేసిన గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్, బచావత్ అధ్యక్షతన 1980లో తీర్పు ఇచ్చింది. పోలవరం నీటిమట్టం 150 అడుగులు. వెనక్కి తన్నే నీళ్ళు అప్పటి మధ్యప్రదేశ్, ఒరిస్సా ఊళ్ళని తాకకుండా కరకట్టలు కట్టాలా, నష్టపరిహారం ఇవ్వాలా అని రాష్ట్రాల మధ్య లెక్క కుదిరింది. మునిగే ఊళ్ళలో ఎక్కువ భాగం మావే. 1959 నుంచి మేం ఖమ్మం జిల్లా, డ్యాం ఉన్న రాష్ట్రమే మాది కూడా. కాబట్టి మా తరఫున బేరమాడే రాష్ట్రం లేదు.

2014లో రాష్ట్రం విడిపోతే మేం అవతలి రాష్ట్రం అయిపోతాం. అప్పుడేం చేశారు? జూన్ 2న తెలంగాణ పుట్టాలి, మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు, భద్రాచలం పట్నం తప్ప ఆ మండలమంతా ఆంధ్రకి. విభజన చట్టంలోనైతే పోలవరానికి తెలంగాణ సమ్మతి ఇచ్చినట్టే భావించాలని ముందే రాసిపెట్టారు. ఇవాళ భద్రాచలంలో దుమ్ముగూడెం బస్సెక్కితే, కాసేపు ఆంధ్రలో తిరిగి మళ్ళీ తెలంగాణలో దిగుతాం.

దీని వెనక వాదనలో బలం లేకపోలేదు. డ్యాం ఒక రాష్ట్రంలో, మునిగే ఊళ్ళు ఇంకో రాష్ట్రంలో ఉంటే పునరావాసం ఎవరు చూస్తారు? ఒకే ప్రభుత్వం ఉంటే జవాబుదారీ ఒక్కరే. నిజమే. కానీ ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. భూసేకరణకి, పునరావాసానికి ముందు గ్రామసభని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. హద్దు దాటి మాట్లాడుకోవడానికి ఉమ్మడి సంస్థ ఉంటే, అవతలి వాడిని ఒప్పించాలి. హద్దునే జరిపేస్తే ఆ పని తప్పుతుంది.

ఇప్పుడు మా ఊళ్ళలో అసలు సరిహద్దు రాష్ట్రాలది కాదు, కాంటూరుది. 41.15 మీటర్ల లోపు ఊళ్ళు మొదటి విడత, 45.72 దాకా రెండో విడత. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు నీళ్ళు ఏ విడతా చూసుకోలేదు.

ఆ వరద మరక అమ్మమ్మ ఇంటి గోడ మీద ఇంకా ఉంది. సున్నం వేయిద్దామంటే వద్దంది. "ఉండనీ. రేపెవరైనా వచ్చి మీది ఏ విడతని అడిగితే, ఇదే చూపిస్తా."