ఎరుకలసాని సూది

కర్నూలు, కడప మండలముల మెట్టపల్లెలలో పచ్చబొట్టు పొడుచుట ఒకప్పుడు ఎరుకల స్త్రీల వృత్తి. సోదె చెప్పుటకును బుట్ట లమ్ముటకును వచ్చిన ఎరుకలసాని, గుత్తిగాఁ గట్టిన సూదులను మసియు ఆకుపసరును గలిపిన రంగులో ముంచి, ఇల్లాలి ముంజేతిమీఁదనో కనుబొమల నడుమనో నెత్తురు చిమ్మునట్లు పొడిచి, పైన పసుపు పట్టించెడిది. చచ్చినపిమ్మట వెంటవచ్చు సొత్తు ఇదొక్కటే యని అవ్వలు పండ్లు బిగఁబట్టి యోర్చుకొనెడివారు. దక్షిణ భారతమందలి కులములను తెగలను గూర్చి 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటములలోను ఈ స్త్రీల విద్య ప్రస్తావింపఁబడినది.

ఒక యింట దిగిన సూదియే పొరుగింటను దిగెడిది. నెత్తురుద్వారా కామెర్లు సంక్రమించునన్న జ్ఞానము పల్లెకు చేరని కాలమది. నేఁడు బ్యూటీపార్లరులో కనుబొమలు పొడిపించుకొను పడతి సూదిపొట్లమును తన యెదుటనే విప్పించుకొనవలెను, రంగు పడునో లేదో ముందుగాఁ జెవివెనుక పరీక్ష చేయించుకొనవలెను. గర్భిణి యైనచో వాయిదా వేయుటయే మేలు. నెత్తురు పలుచఁబఱచు మందులు వాడువారు వైద్యుని సలహా లేక వానిని ఆపరాదు. పచ్చిపుండుపై వంటింటి పసుపు నద్దు ధైర్యము మాత్రము, ఆ యవ్వలకే చెల్లినది.