ఇరుసు ఎత్తు: మా ఇంటి బండి, జీపు, పికప్పు

పోయిన సంక్రాంతికి అందరమూ ఊర్లో చేరినప్పుడు తమ్ముడు ఒక మాట ఎత్తాడు. పికప్పును మూడు అంగుళాలు ఎత్తు చేయిస్తానన్నాడు. మా శ్రీనివాసపురం తాలూకులో మామిడితోటకు పోయే దారి చెరువు మరవ దాటి పోవాలి. మా చిన్నప్పుడు ఆ మరవ పారింది చూసినవాళ్లు తక్కువ. 2018లో కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరు శుద్ధి నీళ్లు కోలారు జిల్లా చెరువులకు రావడం మొదలైంది. 2021 నవంబరు వానలకు ఎండిన చెరువులు కూడా నిండాయి. ఇప్పుడు మరవ దగ్గర గుంతలూ నీళ్లూ తప్పడం లేదు, బండి అడుగు రాళ్లకు తగులుతోంది. తమ్ముడి మాటలో న్యాయం ఉంది.

అవ్వ మాత్రం "ఆ పని ఈ ఇంట్లో మళ్లీ చేయొద్దు" అని లేచి లోపలికి పోయింది. ఆ 'మళ్లీ' ఏమిటో మాకెవరికీ తెలియదు. దాన్ని వెతుక్కుంటూ పోతే ఈ వ్యాసం అయింది.

ముందు ఎద్దులబండి సంగతి. తాత బండి చక్రం ఒకటి ఇంకా కొట్టంలో ఆనించి ఉంది. టేపు పెట్టి కొలిచాము: నాలుగున్నర అడుగులు. అంటే ఇరుసు నేలకు 27 అంగుళాల పైన ఉండేది. మరవలో రాయి ఉన్నా, బురద ఉన్నా ఇరుసుకు తగిలేది కాదు. ఎత్తు కావాలంటే చక్రం పెద్దది చేయాలని మన వడ్రంగులకు ఎప్పుడో తెలుసు.

తర్వాత జీపు. అమెరికా సైన్యం కోసం 1941 నుంచి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం అయ్యాక మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. అమెరికాలో 1953లో వచ్చిన సీజే-3బీ రకం అక్కడ 1968లో ఆగిపోయినా, ఇక్కడ ఎన్నో ఏళ్లు నడిచింది. చిన్నాయన 1974లో సెకండ్‌హ్యాండులో కొన్నది అదే. బానెట్టు ఎత్తుగా, ముందర ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటు లేనట్టుగా ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య 80 అంగుళాలు, ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య 48 అంగుళాల చిల్లర. పొట్టి బండి, ఇరుకు బండి.

జీపు చక్రం ఎత్తు 28 అంగుళాల చిల్లర. ఇరుసు మధ్యభాగం 14 అంగుళాల మీద. డిఫరెన్షియల్ గుండు ఇంకా కిందికి వేలాడుతుంది. బండి ఇరుసుతో పోలిస్తే సగమే. కాబట్టి మరవలో జీపు ఇరుక్కునేది.

చిన్నాయన లెక్కల పుస్తకం పెట్టెలో దొరికింది. అక్షరాలు కన్నడం, మాట తెలుగు. మాకూ బడిలో నేర్పింది కన్నడమే కాబట్టి చదవడం కష్టం కాలేదు. 1983 ఆషాఢంలో ఒక పుటలో ఇలా ఉంది: నాలుగు పొడుగు షాకిళ్లకు ఇంత, లారీ కమాన్ పట్టీలు కోసి చక్రానికి ఒకటి చొప్పున చేర్చినందుకు ఇంత, యూ బోల్టులకు ఇంత, కూలి ఇంత. అదే ఆ 'మళ్లీ'.

ఆ పనిలో ఏమవుతుందో చెప్పాలి. కమాన్ కట్ట ఒక చివర చాసిస్‌కు పిన్నుతో, రెండో చివర షాకిల్‌తో తగిలించి ఉంటుంది. షాకిల్ నాలుగు అంగుళాలు పొడుగు చేస్తే, ఇరుసు కట్ట నడుమన ఉంటుంది కాబట్టి, బండి లేచేది రెండు అంగుళాలే. కట్ట వాలు మారితే ఇరుసు కూడా తిరుగుతుంది. ముందర కాస్టర్ కోణం తగ్గితే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నేరుకు రాదు. జాయింటు షాఫ్టు వాలు పెరిగి క్రాసులు అరుగుతాయి. బ్రేకు హోసు చాలక లాగుతుంది. ఇంత చేసినా లేచేది ఒళ్లే, ఇరుసు కాదు. డిఫరెన్షియల్ గుండు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఇంకోపక్క బరువంతా పైకి పోతుంది. చక్రాల మధ్య వెడల్పు మారదు. పక్కకు వాలితే ముందర నిలబడే వాలులో ఇప్పుడు పడిపోతుంది.

ఆ పుట తర్వాత తొమ్మిది రోజులకు చెరువు కట్ట దిగుతూ జీపు పక్కకు పడింది. చిన్నాయన దూకి బతికాడు. పక్కన కూర్చున్న మా తోట మనిషి కాలు జీపు కింద పడి మోకాలి దాకా పోయింది. మా ఇంట్లో పెళ్లిళ్లకూ పండగలకూ చెప్పుకునే కథలో మాత్రం "కట్ట మట్టి జారింది, చిన్నాయన ఎట్లా దూకాడనుకున్నావు" అనే ఉంటుంది. కాలు పోయినాయన కథలో లేడు.

పుస్తకంలో ఉన్నాడు. ఆసుపత్రి ఖర్చు, తర్వాత నెలకు 60 రూపాయలు, 14 నెలలు. పదిహేనో నెల నుంచి ఆ వరుస లేదు. ప్రమాదం అయిన నెలలోనే ఇంకో లెక్క ఉంది: పాత షాకిళ్లు తిరిగి వేసి, చేర్చిన పట్టీలు తీసేసిన కూలి. కట్ట మట్టి జారడమే కారణమని చిన్నాయన నమ్మి ఉంటే ఆ షాకిళ్లు ఎందుకు మార్పించినట్టు? మట్టి కూడా జారి ఉండొచ్చు. కానీ ఆయనకు తెలుసని మాకు అనిపిస్తుంది. అవ్వను అడిగితే "వద్దని అప్పుడే చెప్పినాను" అన్నది అంతే.

ఇప్పుడు పికప్పు. తమ్ముడిది ఇసుజు వీ-క్రాస్, 2016లో శ్రీసిటీలో తెరిచిన ఫ్యాక్టరీలో తయారైన బండి. మన తాతల మాట మాట్లాడే నేల నుంచి వచ్చిందని నాయన మురిసిపోయాడు. దీనికి ముందర విష్‌బోన్లు, కాయిల్ స్ప్రింగులు. వెనక మాత్రం అవే కమాన్ కట్టలు. ఎత్తు చేయాలంటే ముందర స్ప్రింగు పైన స్పేసర్ వేస్తారు, లేదా పొడుగు స్ప్రింగు వేస్తారు. వెనక పట్టీ చేరుస్తారు, లేదా పొడుగు షాకిల్ వేస్తారు. ముందర చక్రానికి పోయే షాఫ్టు కీళ్లు ఎక్కువ వాలులో తిరిగి రబ్బరు బూట్లు చినుగుతాయి. అలైన్‌మెంటు మళ్లీ చేయించాలి, హెడ్‌లైటు కిందికి దించాలి. మాలో ఒకరి పని సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఒకటి మారిస్తే ఇంకెక్కడ చెడుతుందో వెతకడమే ఆ ఉద్యోగం. ఆ కన్నుతో జాబితా రాస్తే ఒక పుట నిండింది. అందులో తమ్ముణ్ణి ఆపింది ఒక్కటే: వెనక పట్టీలు గట్టిపడితే క్రేట్లలో మామిడికాయలు కమిలిపోతాయి.

చట్టమూ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది.

చివరికి బండిని కాదు, దారిని ఎత్తు చేద్దామనుకున్నాము. మరవ దగ్గర నీళ్లు పైనుంచి పారిపోయేటట్టు రాతి చప్టా వేయడానికి పక్క తోటలవాళ్లతో కలిసి పంచాయితీకి అర్జీ ఇచ్చాము. ఇంకా జవాబు రాలేదు. అంతవరకు క్రేట్లు ట్రాక్టరులో మరవ దాటుతాయి.

ఇది రాసేముందు కాలు పోయినాయన ఇంటికి పోయాము. ఆయన ఇప్పుడు లేడు. కూతురు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. కట్ట జారిందన్న మా కథ చెబితే ఆమె కొంచెం నవ్వింది. "మా నాయన ఎప్పుడూ అట్లా చెప్పలేదక్కా. జీపు ఎత్తు చేసినారు, అది పడింది అన్నాడు. పడుతుందని ముందే అన్నానని కూడా చెప్పేవాడు." ఒకే ప్రమాదానికి ఒకే ఊర్లో నలభై ఏళ్లుగా రెండు చరిత్రలు. పుస్తకం ఆమె నాయన పక్కన ఉంది.

ఆగిపోయిన ఆ నెలల లెక్క గురించి ఉగాదికి పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడాలి. ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు. ముందు కథనైనా సరిచేస్తున్నాము. ఇకమీద మన ఇంట్లో పిల్లలకు జీపు కథ చెప్పేటప్పుడు పక్క సీటులో ఎవరు కూర్చున్నారో కూడా చెప్పండి. ఆ జీపు ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే, ఆయన కూడా అందులో ఉంటే, ఒక కాపీ మాకు, ఒక కాపీ ఆ కూతురికి ఇవ్వండి.