చెడి చెన్నపట్నం చేరిన మదీరా

‘చెడి చెన్నపట్నం చేరినట్టు’ అని మనకో సామెత ఉంది. సొంతూళ్లో అన్నీ పోగొట్టుకున్నవాడు మద్రాసు వెళ్లి ఎలాగోలా నిలదొక్కుకుంటాడని దాని భావం. మనుషుల సంగతెలా ఉన్నా, ఒక వైన్ విషయంలో మాత్రం ఈ సామెత అక్షరాలా నిజమైంది. అది అట్లాంటిక్ సముద్రంలోని ఓ చిన్న దీవిలో పుట్టింది. ఓడ అడుగున నెలల తరబడి ఉడికి చెన్నపట్నం చేరింది. అమ్ముడుపోక తిరిగి ఇంటికెళ్లిన సరుకును రుచి చూస్తే, ఇంటిపట్టున ఉన్నదానికన్నా బాగుంది! దాని పేరు మదీరా.

పేరు వినగానే మనకు ‘మదిర’ గుర్తుకొస్తుంది. రెండింటికీ చుట్టరికం ఉందేమో అనిపిస్తుంది కూడా. లేదు. సంస్కృత మదిర మదం నుంచి వచ్చింది. పోర్చుగీసు భాషలో మదీరా అంటే కలప. అయితే చుట్టరికం మరో మాటలో ఉంది. అల్మారా, మేస్త్రీ లాగే ‘పీపా’ కూడా మనకు పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చిన మాటే. మదీరా దీవిలో వైన్ నింపి ఓడ ఎక్కించిన కొయ్యపాత్రను వాళ్లు పిలిచిందీ పీపా అనే. మదీరా ఎగుమతి లెక్కలో ఒక పీపా అంటే సుమారు 418 లీటర్లు.

కలప దీవి

1419లో జొవావ్ గొన్సాల్విస్ జార్కు, త్రిష్టావ్ వాజ్ తెయిషైరా అనే పోర్చుగీసు నావికులు ఈ దీవి మీద అడుగుపెట్టారు. అక్కడ నరమానవుడు లేడు. ఎటు చూసినా అడవే. అందుకే కలప దీవి అన్నారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ అడవిని కొట్టి, కాల్చి, నిటారు కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కి, రాతిగోడలు కట్టి మళ్లు చేశారు. వానలు ఎక్కువగా పడే ఉత్తరపు కొండల నుంచి ఎండిన దక్షిణపు వాలుకు సన్నటి కాలువలు తవ్వుకున్నారు. ‘లెవాదా’లనే ఆ కాలువల్లో నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి.

ఆ మళ్లలో మొదట డబ్బు పండించింది ద్రాక్ష కాదు, చెరకు. 15వ శతాబ్దం చివరినాటికి ఐరోపాకు చక్కెర పంపే పెద్ద కేంద్రాల్లో మదీరా ఒకటి. కొలంబస్ కూడా అమెరికా దారి పట్టకముందు ఇక్కడికి చక్కెర బేరానికి వచ్చినవాడే. పక్కనున్న పోర్తు సాంతు దీవి పాలకుడి కూతురు ఫిలిపా మొనీజ్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత బ్రెజిల్ చక్కెర చవగ్గా వచ్చిపడటంతో మదీరా చెరకు దెబ్బతింది. రైతులు ద్రాక్షను నమ్ముకున్నారు.

ఇక్కడ ద్రాక్షను పందిళ్ల మీదికి ఎక్కిస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పటి అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసినవాళ్లకు అదేమీ వింత కాదు. పేరుమోసిన రకాలు నాలుగు: సెర్సియల్, వెర్దెల్యో, బువాల్, మల్వజీయా. ఈ వరసలోనే పులుపు తగ్గుతూ తీపి పెరుగుతుంది. మల్వజీయా తీగ క్రీట్ దీవి నుంచి వచ్చింది. సెర్సియల్‌కు పోర్చుగల్‌లో ఉన్న ఇంకో పేరు ‘కుక్క గొంతు పిసికేది’. పచ్చి కాయ నోట్లో వేసుకుంటే అంత పులుపు! అగ్నిపర్వతపు నేల, సముద్రపు గాలి కలిసి ఈ దీవి ద్రాక్షలన్నిటికీ గట్టి పులుపునిచ్చాయి. కథలో ఈ పులుపుతో తర్వాత పని పడుతుంది.

ఓడ నేర్పిన విద్య

ఐరోపా నుంచి అమెరికాకో, ఆఫ్రికాకో, ఇండియాకో బయలుదేరిన ఓడలకు మదీరా రాజధాని ఫుంషాల్ మంచి మజిలీ. నీళ్లు, తిండితో పాటు వైన్ పీపాలూ ఎక్కించేవారు. కానీ మామూలు వైన్ సముద్రం మీద నిలవదు, పులిసి పాడవుతుంది. దాన్ని నిలబెట్టడానికి ద్రాక్ష నుంచి దించిన సారాయి కలపడం మొదలుపెట్టారు. 18వ శతాబ్దం నడుమ నుంచి అది ఆనవాయితీ అయింది. ఇలా ఘాటు పెంచిన వైన్లలో పోర్ట్, షెర్రీ కూడా ఉన్నాయి. ఇప్పుడు మదీరాలో 96 శాతం ఘాటున్న ద్రాక్ష సారాయి కలుపుతారు. పులియడం మొదలైన కొద్దిసేపటికే కలిపితే ద్రాక్షలోని తీపి మిగిలిపోతుంది, ఆగి కలిపితే తీపి తగ్గుతుంది. చివరికి ఘాటు 17 నుంచి 22 శాతం మధ్య ఉంటుంది.

ఇంతవరకు మదీరా కథ పోర్ట్ కథ లాంటిదే. దారి మారింది ఓడ అడుగున. ఫుంషాల్‌లో బయలుదేరిన ఓడ భూమధ్యరేఖ దాటి, ఆఫ్రికా కొసన మలుపు తిరిగి, మళ్లీ రేఖ దాటి చెన్నపట్నమో కలకత్తానో చేరడానికి నెలలు పట్టేది. తిరుగు ప్రయాణంలో మరో రెండుసార్లు రేఖ దాటాలి. అంటే నాలుగుసార్లు ఉష్ణమండలపు వేడి, అంతకాలమూ అలల కుదుపు. ఏ వైన్ వ్యాపారి అయినా తన సరుకుకు ఈ గతి పట్టకూడదనే కోరుకుంటాడు. మదీరా మాత్రం ఈ యాతన పడి తిరిగొచ్చాక రంగు తేరి, గరుకుదనం పోయి, వాసన నిండి కనిపించింది. ఈ రుచికి గిరాకీ పెరిగేసరికి వ్యాపారులు కావాలనే పీపాలను ఊరు తిరిగి రమ్మని పంపడం మొదలుపెట్టారు. అలా పోయి వచ్చినదానికి ‘వీన్యు ద రోదా’ అని పేరు, చుట్టి వచ్చిన వైన్ అని. ఈస్టిండియా కంపెనీ కాలంలో చెన్నపట్నం కోటలోని దొరల బల్లల మీద ఉండే వైన్లలో మదీరాది పెద్దపీట.

అటక మీద ఎండ

ప్రపంచం చుట్టించడం ఖర్చుతో కూడిన పని. కావలసింది వేడే అయితే దాన్ని ఇంట్లోనే పుట్టించవచ్చు కదా అనుకున్నారు. 18వ శతాబ్దం చివర పీపాలున్న గదులను పొయ్యిలతో వేడిచేసే పద్ధతి వచ్చింది. దాన్ని ‘ఇష్తూఫా’ అంటారు. ఇప్పుడు పెద్ద తొట్లలో వేడినీటి గొట్టాలు అమర్చి, 50 డిగ్రీలు దాటకుండా కనీసం మూడు నెలలు వేడి పెడతారు. చవక మదీరా ఇలా తయారవుతుంది.

మంచి సరుకు అటక ఎక్కుతుంది. ఇంటిపైకప్పు కింద, ఎండ బాగా తగిలే అటక మీద, ‘కాంతైరు’లనే కొయ్య దూలాల మీద పీపాలను పేర్చి వదిలేస్తారు. పగలు వేడెక్కుతాయి, రాత్రి చల్లబడతాయి. ఏటా కొంత ఆవిరైపోతుంది, మిగిలింది చిక్కబడుతుంది. ఆవకాయ జాడీని ఎండకు పెట్టే మన ఇళ్లలో దీన్ని వివరించి చెప్పక్కర్లేదు. ఒకే ఏడాది, ఒకే రకం ద్రాక్షతో చేసి పీపాలో కనీసం 20 ఏళ్లు ఊరిన వైన్‌కు ‘ఫ్రష్కైరా’ అని పేరు. పీపాలో 50 ఏళ్లు గడిపి సీసాకెక్కినవీ ఉన్నాయి.

25 పీపాల గొడవ

మదీరాను అందరికన్నా ఎక్కువగా నెత్తిన పెట్టుకున్నది అమెరికా. ఐరోపా సరుకులన్నీ ఇంగ్లండు రేవుల మీదుగానే అక్కడి వలస రాజ్యాలకు చేరాలని 1663లో ఇంగ్లండు చట్టం చేసినప్పుడు, మదీరా వైన్‌ను అందులోంచి మినహాయించారు. అది సూటిగా బోస్టన్‌కో చార్ల్‌స్టన్‌కో చేరేది. 1768 మేలో వ్యాపారి జాన్ హాంకాక్ ఓడ ‘లిబర్టీ’ 25 పీపాల మదీరాతో బోస్టన్ చేరింది. అసలు సరుకు ఇంకా ఎక్కువని, రాత్రికి రాత్రి దించేశారని అధికారులకు అనుమానం. జూన్‌లో ఓడను జప్తు చేశారు. ఊరు ఊరంతా రేవు మీద పడింది. సుంకం అధికారులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రేవులోని కోటకు పారిపోయారు. హాంకాక్ ఎనిమిదేళ్ల తర్వాత అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద అందరికన్నా పెద్ద సంతకం చేశాడు. ఆనాటి సంబరానికి గ్లాసుల్లో పోసుకున్నదీ మదీరానే అని చెప్పుకుంటారు.

నలుగురు కూర్చుని పాత మదీరాను రుచి చూసే గోష్ఠులకు పేరు తెచ్చినవాళ్లు కూడా అమెరికన్లే. ఫిలడెల్ఫియా, చార్ల్‌స్టన్, సవానా పట్టణాల్లో పెద్ద కుటుంబాలు తమ మదీరాకు, దాన్ని మోసుకొచ్చిన ఓడ పేరు పెట్టుకునేవి. ఫిలడెల్ఫియా వైద్యుడు, రచయిత సైలస్ వెయిర్ మిచెల్ 1895లో ‘ఎ మదీరా పార్టీ’ అని ఒక కథే రాశాడు.

తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1850ల మొదట్లో బూడిద తెగులు, 1872లో వేళ్లు తినే ఫిలాక్సెరా పురుగు తోటల్ని తుడిచిపెట్టాయి. ఈ రెంటి మధ్యలో 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఇండియా ఓడలు మదీరా దారి మానేశాయి. 1917 విప్లవంతో రష్యా, 1920 మద్యనిషేధంతో అమెరికా చేజారాయి. ఆ నిషేధం రోజుల్లో న్యూజెర్సీలోని లిబర్టీ హాల్ భవనంలో ఒక గోడ వెనక దాచిన సీసాలు చాలాకాలం తర్వాత మరమ్మతుల్లో బయటపడ్డాయి. వాటిలో 1796లో తెప్పించిన మదీరా ఉంది.

ఒక సీసా, పన్నెండు గ్లాసులు

ఇలాంటి సీసా ఒకటి దొరికితే ఒక్కడు కూర్చుని తాగడు. పది పన్నెండుమంది తలా ఇంత వేసుకుని కొంటారు. తలకు 60 మిల్లీలీటర్లు వస్తే గొప్ప. సీసా మీద కాగితం చీటీ ఉండదు. తెల్ల రంగుతో ద్రాక్ష పేరు, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. మిగతా వైన్లలా దీన్ని పడుకోబెట్టరు, నిలబెట్టే ఉంచుతారు. పడుకోబెడితే ఆ పులుపు, ఘాటు ఏళ్ల తరబడి బిరడాను తినేస్తాయి. గోష్ఠికి ఒకటి రెండు రోజుల ముందే, మరీ పాతదైతే ఇంకా ముందే, బిరడా తీసి, అడుగున మడ్డి కదలకుండా తేటను వేరే పాత్రలోకి ఒంపుతారు. తీసిన వెంటనే మూసిపెట్టిన పాతగది వాసన కొడుతుంది. గాలి తగిలాక మెల్లగా విచ్చుకుంటుంది.

వరస తప్పకూడదు. సెర్సియల్‌తో మొదలుపెట్టి మల్వజీయాతో ముగించాలి. గ్లాసును దీపానికి ఎదురుగా పట్టుకుంటే రంగు ముదురు తేనెలా ఉంటుంది, అంచున సన్నటి ఆకుపచ్చ జీర. ముక్కు దగ్గర పెట్టుకోగానే ముందు వార్నిష్ లాంటి ఘాటు తగులుతుంది. కొత్తవాళ్లు మొహం చిట్లించేది ఇక్కడే. ఒక్క నిమిషం ఆగితే దాని వెనక నుంచి ముదురుపాకం పడుతున్న బెల్లం, ఎండిన నారింజ తొక్క, వేయించిన అక్రోటు గింజ ఒక్కొక్కటిగా వస్తాయి. నోట్లో తీపి పరుచుకుంటూ ఉండగానే చింతపండు లాంటి పులుపు వచ్చి నాలుకను కడిగేస్తుంది. నూరేళ్ల తర్వాత కూడా ఈ వైన్ చప్పబడకుండా కాపాడేది ఆ పులుపే.

తెలుగువాళ్ల ముక్కుకు మాత్రం ఇంకొకటి తట్టాలి: మెంతులు. ఊహ కాదు, రసాయనమే. పాత మదీరాకు ఆ పాకం వాసన ఇచ్చే ముఖ్య పదార్థం సోటోలోన్. మెంతుల్లో ఉండేదీ అదే. కొద్దిగా ఉంటే పాకంలా, ఎక్కువైతే మెంతుల్లా వాసన వేస్తుంది.

తర్వాత మాటలు సంవత్సరం మీదికి మళ్లుతాయి. ఫుంషాల్‌లో 1850 నుంచి ఉన్న దొలివైరా అనే వైన్ సంస్థ వాళ్ల 1908 బువాల్ పేరున్న సీసా. ఐరోపావాళ్ల మధ్య ఆ అంకె వినిపిస్తే ఎవరి జ్ఞాపకం వాళ్లకుంటుంది. హైదరాబాదీకి ఒక్కటే తడుతుంది. ఆ ద్రాక్ష కోతల కాలంలోనే, సెప్టెంబరు 28న, మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. ఆ ఏడు చెట్టున ఉన్న పండు ఇప్పుడు గ్లాసులో ఉంది, అంతే. ఆ మాట తర్వాత బల్ల దగ్గర ఎవరైనా కాసేపు మాట్లాడకుండా ఉంటే, అది మర్యాద కోసం కాదు. ఖాళీ గ్లాసులను ఆ రాత్రి కడగరు. తెల్లవారాక కూడా వాటిలో వాసన ఉంటుంది.

నూరేళ్ల సీసా అందరికీ అందేది కాదు. కాని పదేళ్లు ఊరిన మదీరా మామూలు మంచి వైన్ ఖరీదుకు అటూఇటూగా దొరుకుతుంది. పరదేశంలో ఎక్కడైనా కంటబడితే, మద్యం పుచ్చుకునే అలవాటున్నవాళ్లు చిన్న గ్లాసుతో మొదలుపెట్టండి. ముందు ముక్కుకు పని చెప్పండి, మెంతులు తగులుతాయేమో చూడండి. మిగిలినదానికి బిరడా పెట్టి సీసాను నిలబెట్టండి. నెలల తర్వాత తీసినా అలాగే ఉంటుంది. తొందరేం లేదు, చెడాల్సిందంతా అది ఓడలోనో అటక మీదో ఎప్పుడో చెడింది.