నెల్లూరు బీచ్‌కి ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? హోటల్ బుక్ చేసే ముందు ఏ నెలో చూసుకోండి!

సెలవులు దొరికాయంటే ముందు హోటల్ వెతుకుతాం. తర్వాత రైలు టికెట్లు. వాతావరణం సంగతి బయల్దేరే ముందు రోజు చూస్తాం. నెల్లూరు తీరానికి వెళ్లేవాళ్లు మాత్రం ఈ వరసని తిప్పేయాలి. ఇక్కడ మే నెలలో ఉండే సముద్రం వేరు, నవంబర్‌లో వేరు, జనవరిలో వేరు. నెల తప్పితే రూమ్ ఎంత బాగున్నా ట్రిప్ అంతా టెన్షనే.

జనవరి, ఫిబ్రవరి అయితే బెస్ట్

ఎండ తక్కువ, వానలు అయిపోయి ఉంటాయి, పైగా పక్షులు వచ్చి ఉంటాయి. పులికాట్ సరస్సు దేశంలో చిల్కా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు ఈ సరస్సు మధ్యలోంచే పోతుంది. సీజన్‌లో రోడ్డుకి రెండు వైపులా ఫ్లెమింగోలు, అదే మన రాజహంసలు, నీళ్లలో నిలబడి కనిపిస్తాయి. టికెట్ లేదు, గైడ్ అక్కర్లేదు. కారు పక్కకి ఆపుకుని దూరం నుంచి చూడొచ్చు. హారన్ కొట్టి వాటిని ఎగరగొట్టి వీడియో తీయడం మాత్రం వద్దు.

అక్కడికి దగ్గర్లోనే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది. చెరువు నీళ్లలో నిలబడి ఉండే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. పొద్దున్నే వెళ్తే పక్షులూ బాగా కనిపిస్తాయి, ఫొటోలూ బాగా వస్తాయి. బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి, ఫోన్ జూమ్ సరిపోదు. ఫ్లెమింగో ఫెస్టివల్ కూడా ఈ సీజన్‌లోనే జరుగుతుంది. 2025లో జనవరి 18 నుంచి 20 వరకు జరిగింది. పక్షుల్ని ప్రశాంతంగా చూడాలనుకుంటే పండగ రోజులు కాకుండా ఆ తర్వాతి వారం వెళ్లండి.

ఒక చిన్న విషయం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో సూళ్లూరుపేట, నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. నెల్లూరు సిటీ నుంచి సూళ్లూరుపేట వంద కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఇటు మైపాడు, అటు పులికాట్ ఒకే రోజులో పెట్టుకుంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది. రెండు రోజులుగా విడగొట్టుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల సంగతి మర్చిపోవద్దు

వేసవి సెలవుల్లోనే అందరూ బయల్దేరతారు కాబట్టి ఇది ముందే తెలియాలి. తూర్పు తీరంలో ఈ 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. "ఒడ్డుకి వచ్చిన వంజరం అక్కడే కొని వండించుకుందాం" అనుకుని వెళ్తే నిరాశే. హోటల్లో సముద్రం చేప పెట్టారంటే అది ఎప్పటిదో అడిగి తినండి. కొరమీను, బొమ్మిడాయిలు మంచినీటి చేపలు కాబట్టి వాటికి ఈ నిషేధంతో సంబంధం లేదు. చెరువు రొయ్యలు కూడా దొరుకుతాయి. నెల్లూరు చేపల పులుసుకి పచ్చి మామిడికాయ పడాలి, ఆ కాయ దండిగా దొరికేదీ ఈ నెలల్లోనే. సముద్రం చేప లేని టైమ్‌లో మామిడికాయ రావడం ఏంటో మరి!

మే నెల ఎండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే బీచ్ పొద్దున ఎనిమిదిలోపు ముగించేయండి. మధ్యాహ్నం ఇసుక మీద కాలు పెట్టలేరు.

అక్టోబర్ నుంచి డిసెంబర్: జాగ్రత్త అవసరం

హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. తెలంగాణలో వానలు తగ్గే టైమ్‌కి నెల్లూరులో మొదలవుతాయి. ఈ జిల్లాకి ఈశాన్య రుతుపవనాలే పెద్ద దిక్కు. దసరా, దీపావళి సెలవులు సరిగ్గా ఈ కాలంలోనే పడతాయి. 2021 నవంబర్‌లో పెన్నా వరదకి నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. రైళ్లు రద్దయ్యాయి, హైవే మీదా రాకపోకలు ఆగాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానూ ఈ జిల్లాని వదల్లేదు.

అలాగని ఈ మూడు నెలలూ వెళ్లొద్దని కాదు. క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చే రూమ్ మాత్రమే బుక్ చేయండి. తిరుగు ప్రయాణానికీ, ఆఫీసులో చేరే రోజుకీ మధ్య ఒక ఖాళీ రోజు ఉంచుకోండి. కృష్ణపట్నం పోర్టులో మూడో నంబర్ ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వస్తే బీచ్ ప్లాన్ పక్కన పెట్టేసి గుడులు చూసుకోండి. పెన్నా ఒడ్డున రంగనాథస్వామి ఆలయం సిటీలోనే ఉంది.

మైపాడులో నీళ్లలోకి దిగే ముందు

నెల్లూరు నుంచి మైపాడు దాదాపు 25 కిలోమీటర్లు. సిటీ వాళ్లకి ఆదివారం బీచ్ ఇదే. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకి జనం పోటెత్తుతారు. "స్నానానికి దిగి గల్లంతు" అనే వార్త మా డెస్క్‌కి ఈ తీరం నుంచి వస్తూనే ఉంటుంది. టైప్ చేసేటప్పుడు ఎక్కువసార్లు కనిపించేవి చిన్న వయసులే, స్నేహితులతో వచ్చినవాళ్లే. అందుకే ఈ భాగం స్క్రోల్ చేసేయకండి.

సముద్రంలో ప్రమాదం ఎప్పుడూ పెద్ద అలతోనే రాదు. ఒడ్డుకి కొట్టిన నీళ్లు తిరిగి లోపలికి పోయే చోట ఒక ప్రవాహం ఉంటుంది. అక్కడ అలలు తక్కువగా, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. "ఇక్కడ బాగుంది" అని అందరూ అక్కడే దిగుతారు. అది లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలిసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగడం తగ్గాక బయటికి రండి. ఈత రాకపోతే మోకాళ్లు దాటి వెళ్లొద్దు. ఎక్కడ దిగొచ్చో అక్కడి మత్స్యకారుల్ని అడగండి, వాళ్లకి ఆ ఒడ్డు ప్రతి గజం తెలుసు. ఎవరైనా కొట్టుకుపోతుంటే మీరూ దూకేయకుండా కేకలేసి వాళ్లని పిలవండి. తాడో, ఖాళీ క్యానో, తేలేది ఏది దొరికితే అది విసరండి. 112కి ఫోన్ చేయండి.

ఇంకోటి. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు, మన వెనక అస్తమిస్తాడు. సన్‌సెట్ రీల్ కోసం సాయంత్రం వెళ్లి చీకట్లో నీళ్లలో ఉండటం కన్నా పొద్దున వెళ్లడమే మేలు.

టికెట్లు, రూమ్‌లు

నెల్లూరులో విమానాశ్రయం లేదు. తిరుపతికో చెన్నైకో దిగి రావాలి. రైలే సుఖం. సికింద్రాబాద్–తిరుపతి, విజయవాడ–చెన్నై వందేభారత్‌లు రెండూ నెల్లూరులో ఆగుతాయి. రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే ఓపెన్ అవుతోంది, పాత 120 రోజుల లెక్కలో ఉండకండి. బస సిటీలో పెట్టుకుంటే తిండికి, ఆసుపత్రికి ఇబ్బంది ఉండదు. మొహర్రం టైమ్‌లో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకి లక్షల్లో జనం వస్తారు, రూమ్‌లు దొరకడం కష్టం. ఈ పండగ తేదీ ఏటా పది, పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. బుక్ చేసే ముందు ఒకసారి చూసుకోండి.

రాకెట్ ప్రయోగం చూడాలంటే

శ్రీహరికోటలో సందర్శకుల గ్యాలరీ 2019 నుంచి ఉంది. ఇస్రో వెబ్‌సైట్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి. కానీ కుటుంబం మొత్తం ట్రిప్‌ని ఒక్క ప్రయోగం మీద కట్టేయకండి. చంద్రయాన్-2నే తీసుకోండి. 2019 జులై 15 అర్ధరాత్రి దాటాక అందరూ ఆకాశం వైపు చూస్తుండగా, సరిగ్గా 56 నిమిషాల ముందు కౌంట్‌డౌన్ ఆపేశారు. రాకెట్ ఎగిరింది జులై 22న. మధ్యలో ఉన్న ఆ వారం సెలవు ఎంతమందికి దొరుకుతుంది? పులికాట్, నేలపట్టు చూడ్డానికే ప్లాన్ వేసుకోండి, ఆ రోజుల్లో ప్రయోగం కూడా ఉంటే అదృష్టం.