ఓవల్ స్టేషన్ పాత బాకీ

లండన్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లకు మొదటి వారంలోనే నోటికి పట్టే ఇంగ్లీషు ముక్క ఒకటుంది: ‘సీ ఇట్, సే ఇట్, సార్టెడ్’. 2016 నుంచి రైళ్లలో, స్టేషన్లలో మైకు అదే పాట పాడుతోంది. అనుమానంగా ఏదైనా కంటబడితే 61016కి మెసేజ్ పెట్టండి, మేం చూసుకుంటాం అని దాని సారాంశం. ఈస్ట్‌హామ్‌లోనో, హౌన్‌స్లోలోనో అద్దెకుంటూ రాత్రి షిఫ్టు చేసి వచ్చే కుర్రాడి మీద తాగినవాడెవడో ఒంటిరంగు పట్టుకుని నోరు పారేసుకున్నా మెసేజ్ పెట్టాల్సింది ఆ నంబరుకే. అందుకునేది బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసులు.

సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద మనకు రెండు రకాల ఖాకీలు కనిపిస్తాయి. ఆర్పీఎఫ్ కేంద్రానిది, జీఆర్పీ రాష్ట్రానిది. ఇక్కడ ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్ మూడింటికీ రైళ్ల మీద ఒకటే దళం. లండన్ భూగర్భ రైళ్లూ దాని కిందే. ఖర్చులో ఎక్కువ భాగం రైల్వే సంస్థలే భరిస్తాయి. తొలినాటి రైలు కంపెనీలు పెట్టుకున్న సొంత కాపలావాళ్లే దీనికి మూలపురుషులు.

ఈ దళానికి నల్లవాళ్లతో ఒక పాత బాకీ ఉంది. ఆ కథకు ముందు అప్పటి రైల్వేల సంగతి కాస్త తెలియాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ దేశానికి రైళ్లు నడపడానికి మనుషులు చాల్లేదు. 1956లో లండన్ ట్రాన్స్‌పోర్ట్ అధికారులు బార్బడోస్ దాకా వెళ్లి ఉద్యోగులను ఎంపిక చేసి తెచ్చుకున్నారు. తెచ్చుకోవడమైతే తెచ్చుకున్నారు గానీ, అన్ని తలుపులూ తెరవలేదు. డొమినికా నుంచి వచ్చిన ఆస్క్విత్ జేవియర్ అనే గార్డు 1966లో యూస్టన్ స్టేషన్‌కు బదిలీ అడిగితే కుదరదన్నారు. నల్లవాళ్లను గార్డులుగా తీసుకోకూడదని అక్కడ చాలాకాలంగా ఒక కట్టుబాటు. అప్పటికి ఏడాది ముందే జాతివివక్ష నిరోధక చట్టం వచ్చింది, అయితే ఉద్యోగాలు దాని పరిధిలో లేవు. గొడవ బయటికొచ్చి, మంత్రుల దాకా పోయాకే జేవియర్ యూస్టన్‌లో అడుగుపెట్టాడు. 1968 చట్టం ఉద్యోగాలనూ కలుపుకుంది.

అసలు కథ ఓవల్ స్టేషన్‌ది. క్రికెట్ మైదానం పక్కనే ఉంటుంది కాబట్టి మనవాళ్లలో చాలామందికి తెలిసిన స్టేషనే.

1972 మార్చి 16 రాత్రి. విన్‌స్టన్ ట్రూ, స్టర్లింగ్ క్రిస్టీ, జార్జ్ గ్రిఫిత్స్, ఒమర్ బూషే రైలు దిగారు. నలుగురూ పాతికేళ్లు దాటని నల్లజాతి యువకులు, ఫసింబాస్ అనే సంఘం సభ్యులు. ఉన్నట్టుండి కొందరు మనుషులు వాళ్లను చుట్టుముట్టారు. మఫ్టీలో ఉన్న రవాణా పోలీసులు. ప్రయాణికుల హ్యాండ్‌బ్యాగులు కొట్టేస్తున్నారని అభియోగం. తోపులాట, అరెస్టు. పోలీసు స్టేషన్‌లో తమను కొట్టి, చేయని దొంగతనాలు ఒప్పుకున్నట్టు రాయించుకున్నారని నలుగురూ కోర్టులో మొత్తుకున్నారు. సొమ్ము పోయిందని బోనెక్కి చెప్పిన బాధితులు లేరు. పోలీసుల మాటే సాక్ష్యం. రెండేళ్ల శిక్ష పడింది. అప్పీలులో దాన్ని ఎనిమిది నెలలకు తగ్గించారే తప్ప దొంగలన్న ముద్ర చెరపలేదు.

ఆ బృందానికి నాయకుడు డిటెక్టివ్ సార్జెంట్ డెరెక్ రిడ్జ్‌వెల్. అంతకు నెల ముందే స్టాక్‌వెల్‌లో మరో ఆరుగురి మీద ఇలాంటి కేసే పెట్టాడు. 1973లో టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్‌లో పట్టుకున్న ఇద్దరు మాత్రం రొడీషియా నుంచి వచ్చి ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న జెసూట్ విద్యార్థులు. పోలీసుల మాట మీద నమ్మకం కుదరక జడ్జి ఆ కేసును మధ్యలోనే కొట్టేశారు.

ఆ రోజే పాత ఫైళ్లన్నీ బయటికి తీయాల్సింది. తీయలేదు. రిడ్జ్‌వెల్‌ను పోస్టల్ సంచుల దొంగతనాలు పట్టే విభాగానికి మార్చారు, అంతే. మన దగ్గరా బదిలీనే శిక్షగా చూపించడం ఎరిగిన సంగతే కదా. అక్కడ అతను కేసులు పెట్టడమూ ఆపలేదు, దొంగలతో చేతులు కలిపి ఆ సంచుల్లోని సరుకు తనే కాజేశాడు కూడా. 1980లో ఏడేళ్ల శిక్ష పడింది, 1982లో జైల్లోనే చనిపోయాడు. ఒక దొంగ చెప్పిన మాట మీద జైలుకెళ్లినవాళ్ల సంగతేమిటని అప్పుడైనా ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అన్నిటికన్నా కలచివేసేది ఇదే.

చివరికి తీగ లాగింది ఒక తెల్లవాడు. 1976లో పోస్టల్ సంచుల కేసులో శిక్షపడిన స్టీఫెన్ సిమన్స్ 2013లో రేడియోలో న్యాయసలహా కార్యక్రమానికి ఫోన్ చేసి తన గోడు చెప్పుకున్నాడు. నిన్ను పట్టుకున్న పోలీసు పేరు ఇంటర్నెట్‌లో వెతికి చూడమన్నాడు అవతలి లాయరు. వెతికితే ఆ పోలీసే జైలుకెళ్లాడని తేలింది! 2018లో సిమన్స్ నిర్దోషి అయ్యాడు. నల్లవాళ్ల ఫిర్యాదును 1973లోనే చెవిన పెట్టి ఉంటే అతనికా గతి పట్టేది కాదు.

ట్రూ అప్పటికే, 2010లో, తన కథను పుస్తకంగా రాసుకున్నాడు. రవాణా పోలీసుల్లోనే పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన గ్రాహం సాచ్‌వెల్ అతనికి తోడు నిలిచాడు. 2019 డిసెంబరులో ట్రూ, క్రిస్టీ, గ్రిఫిత్స్‌ల శిక్షలను, 2020లో బూషే శిక్షను అప్పీలు కోర్టు కొట్టేసింది. నలభై ఏడేళ్లు పట్టింది! 2021లో స్టాక్‌వెల్ ఆరుగురిలో కొందరి శిక్షలూ రద్దయ్యాయి. ఆ నవంబరులో రవాణా పోలీసుల చీఫ్ కానిస్టేబుల్ లూసీ డోర్సీ నల్లజాతి సమాజానికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

ఈలోగా చట్టాలు మారాయి. పోలీసు విచారణను టేపు మీద రికార్డు చేసే పద్ధతికి 1984 చట్టం దారి వేసింది. స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడి హత్య మీద 1999లో వచ్చిన మెక్‌ఫర్సన్ నివేదిక, పోలీసు వ్యవస్థలోనే జాతివివక్ష పాతుకుపోయిందని తేల్చింది. జాతివివక్ష నిరోధక చట్టానికి 2000లో వచ్చిన సవరణ జాతి సమానత్వాన్ని పెంచే బాధ్యతను చట్టపరంగా పోలీసుల మీద పెట్టింది. ఇప్పుడు రవాణా పోలీసులకు బయటివాళ్లతో సలహా బృందాలున్నాయి. ఎవరిని ఎందుకు ఆపి సోదా చేశారో చూసే బృందాల్లో మామూలు జనానికీ చోటుంది. గుడికో మసీదుకో వచ్చి కరపత్రాలు పంచి, ఫొటోలు దిగి వెళ్లడం కన్నా ఇలా సోదా కాగితాలను జనం ముందు పెట్టడమే నిజమైన పని. ఇక్కడి తెలుగు సంఘాలవాళ్లు పండగ సభకు పోలీసు అధికారిని పిలిచి శాలువా కప్పడంతో ఆగకుండా ఆ బృందాల్లో కూర్చోవాలి.

పాత బాకీ ఇంకా తీరుతూనే ఉంది. రిడ్జ్‌వెల్ దొంగతనం చేసిన బ్రిక్‌లేయర్స్ ఆర్మ్స్ డిపోలోనే పనిచేస్తూ, 1977లో దొంగలుగా శిక్షపడిన బాసిల్ పీటర్‌కిన్, సలీహ్ మెహ్మెత్ 2024 జనవరిలో నిర్దోషులయ్యారు. అప్పటికి ఇద్దరూ లేరు. అదే డిపో కేసుల్లో పద్దెనిమిది నెలల శిక్షపడిన బ్రిటిష్ రైల్ ఉద్యోగి ఎర్రల్ క్యాంప్‌బెల్ 2004లో కన్నుమూశాడు. 2025 జులైలో అతని శిక్షను కొట్టేసినప్పుడు కోర్టులో ఆ తీర్పు విన్నది అతని కొడుకు.